పలుకని పన్ను



ఏడెనిమిదేండ్ల పిల్లవాడు పరుగెత్తుచు పడి పైవరుసలోని ముందరి పన్నును కొట్టుకొనుట మన యిండ్లలో తఱచుగా జరుగు సంగతియే. నెత్తురు కడిగి, రెండు చీవాట్లు పెట్టి, మూడవనాటికి మఱచిపోవుట మన చిన్ననాటి పద్ధతి. ఇప్పటి తలిదండ్రులు కొంత మెలకువ గలవారై పిల్లవానిని దంతవైద్యుని యొద్దకు గొనిపోవుచున్నారు. అది మంచిదే. అచ్చట వైద్యుడు చల్లని దూదిని పంటి కానించియో, కొలది విద్యుచ్ఛక్తిని తగిలించియో "తెలియుచున్నదా?" యని యడుగును. పిల్లవాడు తల యడ్డముగా ద్రిప్పును. అంతట పన్నులోని నరము చచ్చినదని యొక మాట పుట్టును. ఆ మాట యింటికి వచ్చి, పెద్దల చెవిని బడి, "చచ్చిన పన్ను నోట నుండనేల?" అను తీర్పుగా మారును. ఆ తీర్పు చెప్పువారు తఱచుగా మనమే, అనగా తాతలము, అమ్మమ్మలము, నాయనమ్మలము. అందుచేత పిల్లవాడు తల యడ్డముగా ద్రిప్పుటకు ఎంత యర్థమున్నదో, ఎంత లేదో మనము తెలిసికొనుట యవసరము.

నేను వైద్యుడను గాను. సంస్కృతాంధ్రములు చదివి, చిరకాలము బడిపిల్లల నడుమ గడిపినవాడను. ఈ విషయమున నాకు తెలిసినది వైద్యుల నడిగియు, వారి గ్రంథములను చదివియు కూర్చుకొన్నదే.

మన పూర్వులు పంటికి ద్విజమని పేరు పెట్టిరి. అమరసింహుడు దంతమునకును, విప్రునకును, గ్రుడ్డునుండి వెడలు పక్షికిని ఈ యొక్క పేరే చెప్పినాడు. రెండుమార్లు పుట్టునది గనుక ద్విజము. (వెనుకటి దవడపండ్లు పండ్రెండును ఒక్కమారే పుట్టును, వాని కీ పేరు మర్యాదకై యిచ్చినది కాబోలు.) పేరు పెట్టినవారు సరిగానే చూచిరి. అయితే ఆ రెండవ పుట్టుక యొక్కనాటితో ముగియునది కాదు. చిగురు చీల్చుకొని పన్ను తెల్లగా కనబడిననాడు అది పుట్టినదని మనమందుము. ఆనాటికి దాని వేరు ఇంచుమించు మూడింట రెండుపాళ్ళు మాత్రమే యేర్పడియుండును. తక్కిన పాలు దవడయెముకలో, కంటికి కానరాక, మఱి మూడేండ్ల వఱకు పెరుగుచుండును. పైవరుస నడిమి పండ్లు ఏడవ యేటనో యెనిమిదవ యేటనో వచ్చును. వాని వేళ్ళు పదియవ యేటికి గాని ముగియవు. కోఱపండ్లకు పదుమూడు, పదునైదేండ్ల వఱకు పట్టును.

ఇంకను పెరుగుచున్న ఆ వేరు చూడ నెట్లుండును? పెద్దవారి పంటివేరు కొనయందు సూదిమొన పట్టునంత సన్నని రంధ్రమే యుండును. పిల్లవాని పంటివేరు కొన గరాటువలె విప్పుకొని యుండును, గోడలు పలుచన. నడుమ బోలుగా నున్న తావున మెత్తని మజ్జ కలదు. ఆ మజ్జలో నెత్తుటినాళములు, నరములు నుండును. వేరును పొడిగించునదియు, గోడలను లోపలినుండి దళసరి చేయునదియు ఆ మజ్జయే. అది బ్రదికియున్నంత కాలము కట్టుబడి సాగుచుండును. అది చచ్చిననాడు కట్టుబడి యెక్కడి దక్కడ నిలిచిపోవును.

ఇక నరముల సంగతి. పంటిలోని నరపుపోగులు ముఖ్యముగా రెండు జాతులు. ఒకజాతికి పైని తొడుగు కలదు. అది వార్తను వేగముగా మోయును. చుఱుక్కుమను నొప్పి దానిది. రెండవజాతికి తొడుగు లేదు. అది మెల్లగా మోయును. రాత్రివేళ సలుపు నొప్పి దానిది. తొడుగు లేనివి ముందుగా పంటిలోనికి వచ్చును. తొడుగుగలవి తీరికగా వచ్చి, మజ్జ యంచున వలవలె అల్లుకొనును. ఈ వలను 1835లో రష్కోవు అను పండితుడు వర్ణించెను గనుక నేటికిని అతని పేరనే పిలుతురు. వల పూర్తిగా అల్లుకొనుటకు పన్ను నోట కనబడిన పిదప నాలుగైదేండ్లు పట్టునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నెత్తురు మాత్రము మొదటినుండియు నిండుగా ప్రవహించుచుండును. క్రొత్తగా వెలసిన పేటలో కాపురములు ముందు చేరును, టెలిఫోను తీగ తరువాత వచ్చును. తీగ రాని యింటికి టెలిఫోను చేసి, ఎవరును పలుకలేదు గనుక ఇల్లు పాడుపడినదని యెవడైన చెప్పినచో మనము నవ్వుదుము గదా.

పరీక్షలలో చలువ పరీక్ష సులభమైనది. పంటికిని చలువకును గల సంబంధమును మన ప్రాచీనులెఱుగుదురు. చలువను గాని తాకుడును గాని పండ్లు సహింపలేని రోగమునకు సుశ్రుతుడు దంతహర్షమని పేరు పెట్టెను. దానినే పరీక్షగా వాడుకొనుట నవీనుల యుపాయము. జాలరిపేటవారికి ఐసుగడ్డను గూర్చి నేను చెప్పనక్కఱలేదు. పట్టిన చేప చెడకుండుటకు వారు దానినే నమ్ముకొన్నవారు. వైద్యులును సన్నని ఐసుపుల్లను పంటి కానించుట కలదు. కాని ఐసు కరగి చిగురుపై జారును. పంటికి తెలియకున్నను చిగురునకు తెలిసి పిల్లవాడు ఉలిక్కిపడును. అందుచేత ఇప్పుడు డబ్బాలోని శీతలద్రవమును దూదియుండపై చిమ్మి, ఆ దూదిని పంటి కానింతురు. ఐసు సున్న డిగ్రీల చలువ. ఈ ద్రవము సున్నకు దిగువ 26 డిగ్రీల యొద్దనే మరగి యావిరియగునది. గోలీసోడాలో బుడగలెత్తు వాయువును గడ్డకట్టించినచో అది సున్నకు దిగువ 78 డిగ్రీలుండును. దానిని వాడువారును కలరు. ఇంతటి చలువ తగిలినప్పుడు పంటి గట్టిపొరలో కంటికి కానరాని గొట్టములయందలి తేమ కదలును. ఆ కదలిక నరమును మీటును. ఆరోగ్యముగల పన్ను చుఱుక్కుమని, దూది తీసిన కొన్ని క్షణములకే నెమ్మదించును. దూది తీసిన పిదపను నొప్పి చాలసేపు నిలిచినచో మజ్జలో వాపున్నదని యూహింతురు.

విద్యుత్పరీక్షలో పన్నును పొడిగా తుడిచి, టూత్‌పేస్టు రవ్వంత పూసి, సన్నని కొన నానించి, శక్తిని మెల్లమెల్లగా హెచ్చింతురు. యంత్రముపై అంకెలు పెరుగుచుండును. జివ్వుమన్నదని పిల్లవాడు చేయెత్తగనే ఆపుదురు. ఆ యంకె చూచి కొందఱు తలిదండ్రులు పన్నునకు నూటికిన్ని మార్కులు వచ్చినవని మురియుటయు, దిగులుపడుటయు కలదు. అది మార్కు కాదు. పలికినదా లేదా యన్నదే లెక్క. ఈ విద్యుత్తు ముఖ్యముగా లేపునది తొడుగుగల పోగులను. అవి లేత పంటిలో ఇంకను చేరలేదని చెప్పితిని. కావున ఏ దెబ్బయు తగులని, నిండు ఆరోగ్యముగల లేత పన్ను సైతము యంత్రము చివరి యంకె వఱకు పోయినను పలుకకుండుట కలదు. లేత పండ్ల విషయమున చలువ పరీక్ష దీనికంటె నమ్మదగినది. పూర్తిగా నమ్మదగినది మాత్రము కాదు.

దీనికి వైద్యులు వాడు విఱుగుడు ఖర్చులేనిది. దెబ్బతగిలిన పంటికి రెండవప్రక్క జతపన్ను ఉండును గదా. ముందుగా దానిని పరీక్షింతురు. దెబ్బ యెఱుగని జతపన్నే పలుకనప్పుడు, దెబ్బతిన్న పన్ను పలుకలేదని చెప్పుటలో నర్థము లేదు.

విశాఖపట్టణమున సముద్రపుటొడ్డున నున్న పెద్ద జాలరిపేటలో జరిగిన యొక సంగతి దీనికి నిదర్శనము. నా పాతశిష్యుని కుమారుడు ఎనిమిదేండ్లవాడు, ఒడ్డున ఇసుకమీదికి నావను లాగువారి నడుమ దూరి, కాలుజారి నావ యంచునకు మూతి కొట్టుకొనెను. ముందరి పన్ను కొంచెము కదలెను, తావు తప్పలేదు. పట్టణములో నొక చికిత్సాలయమున విద్యుత్పరీక్ష చేసి, నరము చచ్చినది, మజ్జ తీయవలెను, లేదా పన్నే తీయవలెనని చెప్పిరట. మజ్జ తీయుటకు చెప్పిన రుసుము విని నాయనమ్మ పన్ను తీయించుటకే మొగ్గెను. శిష్యుడు నా యొద్దకు వచ్చి, "పన్ను సచ్చిపోనాదంట మేష్టారూ, పీకించీమంతారేటి?" అని యడిగెను. జతపన్నును చూచిరా యని నేనడిగితిని. చూడలేదని చెప్పెను. దంతవైద్యము నేర్పు కళాశాల యొకదానికి పొమ్మంటిని. అచ్చట రెండు పండ్లను పరీక్షించిరి. విద్యుత్తునకు రెండును పలుకలేదు. చలువకు జతపన్ను పలికెను, దెబ్బతిన్నది పలుకలేదు. ఎక్సురేలో రెండింటి వేరుకొనలును విప్పుకొని యుండెను. కొన్నాళ్ళు మెత్తని యన్నము పెట్టుడు, పన్ను శుభ్రముగా నుంచుడు, రెండు వారములకు రండు అనిరి. రెండు వారములకును పన్ను పలుకలేదు. నాయనమ్మ నన్ను గూర్చి యేమనెనో శిష్యుడు నాకు చెప్పలేదు. పండ్రెండవ వారమున చల్లని దూది తగులగనే పిల్లవాడు వైద్యుని చేయి త్రోసివేసెను. ఏడాది గడిచిన పిదప తీసిన ఎక్సురేలో రెండు వేళ్ళును సమానముగా పెరిగి యుండెను.

దెబ్బతగిలిన పన్ను కొంతకాలము మౌనము వహించుట యొక్క పిల్లవాని యదృష్టము కాదు. ఈ సంగతి చెన్నపట్టణపు దంతవైద్యులు కొందఱు 2007లో ప్రకటించిన పరిశీలన వలన చక్కగా తెలియును. దెబ్బతిన్న ముందరిపండ్లతో వచ్చిన 17 మందిని వారు ఆఱునెలలు కనిపెట్టిరి. మొదటినాడు చలువకు గాని, విద్యుత్తునకు గాని ఒక్కరి పన్నును పలుకలేదు. 28వ నాటికి అయిదుగురివి పలికెను, రెండునెలలకు పదునల్గురివి, మూడునెలలకు పదునాఱుగురివి. మొదటినాటి మౌనమును నమ్మి పెఱికియుండినచో ఆ పదునాఱు పండ్లును బ్రదికియుండగనే పోయియుండెడివి.

మఱి ఆ పండ్లలో జీవమున్నట్లు వారు మొదటినాడే యెట్లు గ్రహించిరి? కరోనా నాళ్ళలో వ్రేలికి తగిలించి నెత్తుటిలోని ఆక్సిజనును చూచిన చిన్న యంత్రమును మీరు మఱచియుండరు. 1974లో జపానుదేశమున అవొయాగి యను శాస్త్రజ్ఞుడు దాని సూత్రమును కనుగొనెను. చెన్నపట్టణమువారు ఆ యంత్రపు కొనను పంటి కమరునట్లు చేయించిరి. అది నరము నడుగదు, నెత్తురు నడుగును. చలువయు విద్యుత్తును "నీకు తెలియుచున్నదా?" యని ప్రశ్నించును, ఇది "నీలో నెత్తురాడుచున్నదా?" యని చూచును. పంటికి ప్రాణము నెత్తుటితోనే. ఆ పండ్లన్నిటను మొదటినుండి నెత్తురు ఆడుచునే యుండినట్లు యంత్రము చూపెను. ఇట్టి సాధనము ప్రతి వైద్యుని యొద్దను లేదు. పంటికి తగిన కొనను అమర్చుట ఇంకను అరుదు. అది వచ్చువఱకు చలువదూదియు, ఎక్సురేయు, కాలమును మనకు సాధనములు.

ఇప్పుడు, బడిపంతులుగా నేను చక్కగా నెఱిగిన భాగమునకు వచ్చితిని. పరీక్ష యెంత మంచిదైనను సాక్షి పిల్లవాడే. పెద్దమనిషి యెదుట నిలిచిన పిల్లవాడు తనకు తోచినది చెప్పడు. ఎదుటివారు కోరునది చెప్పును. లెక్క తెలిసినదా యని నేనడిగినప్పుడు తరగతి యంతయు "తెలిసినదండీ" అనెడిది. బల్లయొద్దకు పిలిచినచో నలుగురే నిలిచెడివారు. పంటి విషయమునను అట్లే. "తెలిసినది" అన్నచో ఈ గొడవ వదలునేమో యని యొకడు దూది తగులకముందే చేయెత్తును. "తెలిసినది" అన్నచో సూది పొడుతురేమో యని మఱొకడు కన్నులనీరు కారుచున్నను తల యడ్డముగా ద్రిప్పును. అందుచేత నేర్పరియైన వైద్యుడు ముందుగా దెబ్బలేని పన్నునకు చలువ నానించి, దాని తీరు పిల్లవానికి చూపును. "నొప్పి" అను మాట యెత్తడు. "చల్లగా తగిలినప్పుడు చేయెత్తుము" అనును. నడుమ నొకమారు చలువలేని వట్టి దూదిని ఆనించును. దానికిని చేయెత్తినచో ఆ సాక్ష్యమును ఎంత తూచవలెనో వైద్యునకు తెలిసిపోవును. ఇంత నేర్పుగా వైద్యుడు పరీక్షించుచుండగా, వెనుకనుండి "నొప్పిగా నున్నదా నాయనా, చెప్పవేమిరా?" అని తాతగారు హెచ్చరించినచో పరీక్ష యంతయు వ్యర్థము. గదిలోనికి పోవచ్చును, నోరు మెదపరాదు.

పరీక్షకు పలుకలేదన్న యొక్క కారణముచే పన్ను చచ్చినదని నిర్ణయింపరాదని, కనీసము రెండు గుఱుతులు కలిసి కనబడవలెనని, పండ్లకు తగులు దెబ్బలను గూర్చి పనిచేయు అంతర్జాతీయ వైద్యసంఘమువారు తమ సూచనలలో వ్రాసినారు. ఆ గుఱుతులలో మనమింట చూడగలవి కొన్ని కలవు: పంటిపై చిగురున చీముపొక్కు లేచుట, వాపు, కొఱికినప్పుడు నొప్పి, రాత్రివేళ సలుపు, పన్ను బూడిదరంగునకు తిరుగుట. రంగు మాత్రము తొలినెలలలో మాఱి మరల తేటపడుటయు కలదు గనుక దానినొక్కదానిని చూచి తొందరపడరాదు. ఎక్సురేలో వైద్యుడు చూచునవి రెండు: వేరుకొన చుట్టును ఎముక తినబడుట, జతపన్ను వేరు పెరుగుచుండగా ఈ వేరు పెరుగక నిలిచిపోవుట. నా మట్టుకు ఈ కడపటిదే యన్నిటిలో గట్టి సాక్ష్యమని తోచును. చచ్చిన మజ్జ వేరును కట్టలేదు.

పలుకకున్నను బ్రదికియుండవచ్చునంటిని గదా యని ఇంట కూర్చుండుటయు ప్రమాదమే. మజ్జ నిజముగా చచ్చి క్రుళ్ళినచో, లేతవేరు గోడలు పలుచన గనుక, వేరు కొలది వారములలోనే కరగిపోవుట కలదు. తావు తప్పిన పండ్లకును, ఊడిపడగా మరల పెట్టిన పండ్లకును ఈ భయ మెక్కువ. అందుకే వైద్యులు గడువులు పెట్టుదురు. తావు తప్పక కదలినంతమాత్రపు పంటికి 2020 నాటి సూచనలలో చెప్పిన గడువులు రెండు వారములు, పండ్రెండు వారములు, ఆఱునెలలు, ఒక సంవత్సరము. తావు తప్పినదానికి ఇంతకంటె నెక్కువమారులు పోవలెను.

ఒక్క పంటికై యింత శ్రమ యేల యని మీలో నెవరైన ననుకొనవచ్చును. ఎనిమిదవ యేట మజ్జ పోయినచో పన్ను గ్రుడ్డుపెంకువంటి గోడలతో మిగులును. పదునైదవ యేట చెఱకు కొఱికినప్పుడు చిగురుకడ పుటుక్కున విఱుగును. పెఱికివేసినచో అచ్చటి ఎముక కుంచించుకొనును, ఇరుప్రక్కల పండ్లు లోనికి వాలును. దవడ యెదుగుదల ముగియువఱకు, అనగా యౌవనము వచ్చువఱకు, ఎముకలో మర నాటి కృత్రిమదంతము పెట్టుటకు వీలులేదు. పదేండ్లకు పైగా ఆ పిల్లయో పిల్లవాడో నవ్వునప్పుడు చేయి అడ్డము పెట్టుకొనవలసినదే. బడిలో అట్టి పిల్లలను నేను చూచితిని. చదువునప్పుడు వారు తల యెత్తరు.

మజ్జ చచ్చినదని రెండు గుఱుతులతో తేలినను దారి లేకపోలేదు. పూర్వము సున్నపు జాతి మందును నెలల తరబడి లోపల నింపుచు, వేరుకొన గట్టిపడువఱకు వేచియుండెడివారు. ఇప్పుడు సిమెంటువంటి ద్రవ్యముతో కొనను వెంటనే మూయుదురు. 2001 తరువాత మఱియొక మార్గము ప్రసిద్ధికి వచ్చినది: లోపలి క్రుళ్ళును మందుతో శుద్ధిచేసి, వేరుకొన నుండి నెత్తురును బోలులోనికి రప్పించి, అందు క్రొత్త కండ పుట్టి వేరు మరల పెరుగునట్లు చూచుట. ఇది అన్ని పండ్లకును ఫలింపదు. వేరుకొన విప్పుకొనియున్న లేత పండ్లకే తగినది.

దెబ్బ తగిలిననాడు ఇంటిలో నొక చీటి వ్రాసి పెట్టుడు: తేది, వేళ, ఏ పన్ను, కదలినదా, తావు తప్పినదా, నెత్తురు చిగురునుండియా పంటినుండియా. వైద్యుని యొద్దకు పోయినప్పుడు ఏ పరీక్ష చేసిరో, జతపన్ను ఏమి చెప్పెనో దాని క్రిందనే వ్రాయించుకొనుడు. మొదటి ఎక్సురేను పాఱవేయక చీటితో కలిపి యుంచుడు. ఏడాది తరువాత వేరు పెరిగినదో లేదో దానితో పోల్చియే చెప్పవలెను. విశాఖ పరిసరములవారికి దంతవైద్య కళాశాలలు ఋషికొండయొద్ద నొకటి, భీమునిపట్టణము వైపున సంగివలసయొద్ద నొకటి కలవు. ఎచ్చటికి పోయినను ఆ చీటియు, ఎక్సురేయు వెంట దీసికొనిపొండు.